ఇంట్లో స్ట్రాబెర్రీ: కిటికీ గట్టా, గ్రో లైటా, నీళ్ల కిట్టా?

దసరా వెళ్లిన వారం పది రోజులకు మా వీధి చివరి నర్సరీలోకి స్ట్రాబెర్రీ మొక్కలు దిగుతాయి. అరచేయంత నల్ల కవరు, అందులో అయిదారు ఆకులు, అదృష్టం బాగుంటే ఆకుల కింద వేలాడుతూ ఒక్క ఎర్ర పండు. ఆ పండే మొక్కను అమ్మిపెడుతుంది. ఇంటికి తెచ్చిన రోజే పిల్లలు దాన్ని తినేస్తారు. తర్వాత ఆకులు మిగులుతాయి. శివరాత్రి దాటాక అవీ మిగలవు.

హైదరాబాద్‌లో మూడో అంతస్తు ఫ్లాట్‌లో నాలుగు చలికాలాలుగా నేను వీటితో కుస్తీ పడుతున్నాను. కిటికీ గట్టు మీద పెంచాను, గ్రో లైట్ (మొక్కల కోసం చేసిన దీపం) కింద పెంచాను, మట్టి లేకుండా నీళ్లలో పెంచే కిట్ కూడా కొన్నాను. మూడింట్లో ఏది మంచిదని ఎవరైనా అడిగితే నేను ఎదురు ప్రశ్న వేస్తాను: మీ దగ్గరున్నది ఏ రకం మొక్క? లైటు, కిట్టు, కుండీ అన్నీ దాన్ని బట్టి తేలేవే. మనం మాత్రం ముందు లైటు కొని, తర్వాత మొక్క కోసం వెతుకుతాం.

ఖర్చు సంగతి ముందే చెప్పేస్తాను. ఇంట్లో పెంచి డబ్బు మిగుల్చుకుందామనుకుంటే బండి మీద పెట్టె కొనుక్కోవడమే మేలు. కుండీలోని ఒక్కో మొక్క సీజన్ మొత్తానికి పావుకిలో ఇస్తే మా ఇంట్లో పండగ కింద లెక్క. మరి ఎందుకీ తాపత్రయం అంటారా? మామిడిలా, అరటిలా స్ట్రాబెర్రీ కోశాక మాగదు. మొక్క మీద ఎంత తీపి ఎక్కిందో అంతే, కోశాక రంగు మారినా తీపి పెరగదు. మహారాష్ట్రలోని మహాబలేశ్వరం నుంచి ఇక్కడిదాకా నలగకుండా రావాలంటే పూర్తిగా పండకముందే కోయాలి. తొడిమ దాకా ఎర్రబడ్డాక ఇంట్లో కోసిన పండుకూ దానికీ ఉన్న తేడా నోటికే తెలుస్తుంది.

ముందు మొక్క

ఇంటికి పనికొచ్చేవి మూడు రకాలనుకోండి.

మొదటివి పగలు పొట్టిగా, రాత్రి పొడుగ్గా ఉన్నప్పుడు మొగ్గ కట్టేవి. వింటర్ డాన్, స్వీట్ చార్లీ, కామరోసా, చాండ్లర్ ఈ జాబితాలోవి. మొదటి రెండూ ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో, తర్వాతి రెండూ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పుట్టాయి. మన దేశపు స్ట్రాబెర్రీకి పుట్టినిల్లు లాంటి మహాబలేశ్వరం, పంచగని కొండల మీద సాగయ్యేవి ఎక్కువగా ఈ కోవవే. అక్కడి స్ట్రాబెర్రీకి 2010లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మన నర్సరీల్లోకి అక్టోబరు, నవంబరుల్లో వచ్చే మొక్కలూ దాదాపు ఇవే. నర్సరీ అతనికి పేరు తెలియకపోతే ఈ కోవకు చెందిందనే అనుకోండి, పెద్దగా తప్పు కాదు.

రెండోవి పగటి నిడివితో పని లేనివి: అల్బియన్, శాన్ ఆండ్రియాస్, సీస్కేప్. వేడి మరీ ముదరనంత వరకు విడతలు విడతలుగా పూస్తూనే ఉంటాయి. ఇంట్లో లైటు కింద పెంచాలంటే అసలు వెతుక్కోవలసినవి ఇవి. మన దగ్గర అడిగిన చోటల్లా దొరకవు, టిష్యూ కల్చర్ (ల్యాబ్‌లో పెంచిన) మొక్కలు అమ్మేవాళ్లను పట్టుకోవాలి.

మూడోది ఆల్పైన్. పెద్ద స్ట్రాబెర్రీకి ఇది దూరపు చుట్టం, అడవి జాతి. పండు చిటికెన వేలి గోరంతే ఉంటుంది, వాసన మాత్రం గదంతా. తీగలు సాచదు, గుబురుగా కుదురుగా ఒకచోటే పెరుగుతుంది, కొంత నీడనూ ఓర్చుకుంటుంది. గిన్నెడు పండ్లు కావాలనుకునేవాళ్లకు ఇది వద్దు. రోజూ పొద్దున్నే నాలుగు పండ్లు కోసుకుని మురిసిపోయేవాళ్లకు ఇంతకంటే మంచి మొక్క లేదు.

ఈ తేడా తెలియకే నేను ఒక చలికాలం మొత్తం పోగొట్టుకున్నాను. అమెరికా వాళ్ల వీడియోలు చూసి, వింటర్ డాన్ మొక్కల మీద గ్రో లైట్ రోజుకు 16 గంటలు వెలిగేలా టైమర్ పెట్టాను. ఆకులు నిగనిగలాడాయి. తీగలు అల్మరా దిగి నేలను తాకాయి. ఇంటికి వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. సంక్రాంతి వచ్చింది, వెళ్లింది, ఒక్క పువ్వు లేదు. వీడియోలోవి పగటి నిడివి పట్టని రకాలు, నావేమో పట్టేవి. గది వెచ్చగా ఉండి, పైగా 16 గంటల పగలు కనిపిస్తుంటే ఈ రకం మొక్క ఎండాకాలం నడుస్తోందనుకుంటుంది. పండు సంగతి పక్కన పెట్టి పిల్ల మొక్కల్ని కనే పనిలో పడుతుంది. టైమర్‌ను 10 గంటలకు తగ్గించాక మొగ్గలు కనిపించేసరికి ఫిబ్రవరి సగం అయిపోయింది. ఆ వెనకే ఎండలు.

కాబట్టి లెక్క ఇది. నర్సరీ మొక్క అయితే రోజుకు 10 నుంచి 11 గంటల వెలుగు, మిగతా సమయమంతా గట్టి చీకటి. పగటితో పని లేని రకమైతే 14 నుంచి 16 గంటలు. హాల్లో రాత్రి పన్నెండు దాకా టీవీ, ట్యూబ్‌లైటు వెలిగే ఇల్లయితే నర్సరీ మొక్కను అక్కడ పెట్టకండి. మసక వెలుతురును కూడా అది పగటి ఖాతాలో వేసుకుంటుంది.

విత్తనాల గురించి రెండు మాటలు, అంతకన్నా అక్కర్లేదు. పెద్ద పండు రకాలు సంకరాలు, వాటి విత్తనం తల్లిలాంటి మొక్కనివ్వదు. అందుకే రైతులు తీగ మొక్కలతోనే సాగు చేస్తారు. నీలం స్ట్రాబెర్రీ, నల్ల స్ట్రాబెర్రీ అంటూ ఆన్‌లైన్‌లో అమ్మే పొట్లాలు ఒట్టి బూటకం, నీలం స్ట్రాబెర్రీ అనేది లోకంలోనే లేదు. విత్తనం నుంచి పెంచాలని పట్టుదల ఉంటే ఆల్పైనే నమ్మదగ్గ దారి. తడి టిష్యూలో చుట్టి మూడు నాలుగు వారాలు ఫ్రిజ్‌లో ఉంచి, తర్వాత మట్టి కప్పకుండా పైనే చల్లాలి, వెలుతురు తగిలితేనే మొలుస్తుంది. పండు చూడటానికి అయిదారు నెలల ఓపిక కావాలి.

కిటికీ గట్టు: దక్షిణం వైపు దొరికితే వదలకండి

వాస్తు పట్టింపున్నవాళ్లు దక్షిణం అంటే మొహం చిట్లిస్తారు గానీ స్ట్రాబెర్రీకి మాత్రం అదే ఈశాన్యం. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు. డిసెంబరు మూడో వారంలో హైదరాబాద్‌లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 49 డిగ్రీల ఎత్తుకు మించి ఎక్కడు. అంటే సన్‌షేడ్ కింద నుంచి దూరి ఎండ గదిలోకి వస్తుంది. మే నెలలో నడినెత్తికి చేరతాడు కాబట్టి అదే కిటికీలోకి ఎండ రాదు. మనకు పండ్లు కావలసిన నాలుగు నెలలూ ఎండ ఇచ్చి, అక్కర్లేని నెలల్లో ఆపేసే కిటికీ ఇది. పైగా అప్పుడు మన పగలు 11 గంటలే, నర్సరీ మొక్క కోరుకునేదీ అంతే.

తూర్పు కిటికీ రెండో ఎంపిక. నాలుగు గంటల లేత ఎండ పడితే కాయలు తక్కువే అయినా వస్తాయి. పడమర డిసెంబరులో పరవాలేదు, ఫిబ్రవరి చివర సాయంత్రపు ఎండకు గాజు వెనక మొక్క ఉడికిపోతుంది. ఉత్తరం కిటికీకి లైటు పెట్టకుండా ప్రయత్నించడం దండగ. దోమల జాలీ కూడా వెలుతురులో కొంత మింగేస్తుంది, పగలు దాన్ని పక్కకు జరపండి.

కిటికీకి ఖర్చు దాదాపు సున్నా. దాని లోటు ఒక్కటే, గడువు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు, కిటికీ మీది పంటకూ అదే గడువు. పగలు 15 నుంచి 25 డిగ్రీలు, రాత్రి ఇంకాస్త చల్లగా ఉంటేనే ఈ మొక్కకు ప్రాణం లేచి వస్తుంది. 30 దాటితే పూత ఆగుతుంది, పండు చిన్నదై పులుపెక్కుతుంది. లంబసింగి కొండల్లో రైతులు స్ట్రాబెర్రీ పండిస్తున్నారంటే అక్కడి చలి అలాంటిది. హైదరాబాద్ పీఠభూమి మీద ఉంది కాబట్టి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నెట్టుకొస్తాం. విజయవాడ, రాజమండ్రి వాళ్లకు చల్లని రాత్రులు ఇంకా తక్కువ. వాళ్లు నవంబరు చివర నాటి, వచ్చినన్ని కోసుకోవడమే.

గ్రో లైట్: వెలుతురు కొనవచ్చు, చలిని కొనలేం

లైటు కొనేటప్పుడు పెట్టె మీద రాసిన వెయ్యి వాట్ల మాట నమ్మకండి. సాకెట్ నుంచి నిజంగా ఎన్ని వాట్లు లాగుతుందో అడగండి. రెండడుగుల చదరంలో నాలుగు కుండీలకు 40 నుంచి 50 వాట్ల తెల్లటి ఎల్‌ఈడీ చాలు, మొక్కకు అడుగు ఎత్తున కట్టాలి. ఊదారంగు లైట్లూ పనిచేస్తాయి గానీ వాటి కింద ఆకు పసుపో ఆకుపచ్చో తెలియదు, పురుగు కనిపించదు. రాత్రి కిటికీలోంచి ఊదారంగు వెలుగు పడితే కింది ఫ్లాట్ వాళ్లు ఏమనుకుంటారన్నది వేరే విషయం.

కరెంటు గురించి భయం అక్కర్లేదు. 45 వాట్ల లైటు రోజుకు 12 గంటలు వెలిగితే నెలకు 16 యూనిట్ల చిల్లర. యూనిట్‌కు 8 రూపాయలు వేసుకున్నా 130 రూపాయలు. ఏసీ సంగతి అలా కాదు. ఒకటిన్నర టన్ను ఏసీ ఒక్క గంటకే యూనిట్‌కు అటూ ఇటూగా తాగేస్తుంది. స్ట్రాబెర్రీ కోసం ఏసీ వేయడమంటే ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడమే. ఎలాగూ రాత్రిళ్లు ఏసీ నడిచే పడకగది ఉంటే, పగటితో పని లేని రకాన్ని అక్కడ పెట్టి, మార్చి, ఏప్రిల్ నెలల దాకా లాగవచ్చు. అయితే ఏసీ గాలి పొడి గాలి, ఆకు రసం పీల్చే ఎర్రనల్లికి పండగ. వారానికోసారి ఆకు తిప్పి చూడండి. సన్నటి చుక్కలు, సాలెగూడు లాంటి పోగులు కనిపిస్తే కుండీని బాత్రూంలోకి తీసుకెళ్లి ఆకుల అడుగున నీళ్లు గట్టిగా కొట్టాలి. తర్వాత వేపనూనె, అదీ లైటు ఆరాక, పూల మీద పడకుండా.

నా తీర్పు ఏమిటంటే, దక్షిణం కిటికీ ఉన్న ఇంటికి లైటు అనవసరం. ఎండ రాని ఫ్లాట్‌కు తప్పదు. ఏడాదంతా పంట తీద్దామని మాత్రం లైటు కొనకండి.

నీళ్ల కిట్ నాకు ఎందుకు నచ్చలేదు

చూడటానికి ఇదే బాగుంటుంది. తెల్లటి తొట్టె, పైన కన్నాలు, లోపల బుడబుడమనే గాలి పంపు. మట్టి మురికి లేదు, పోషకాలు సరిగ్గా కలిపితే పెరుగుదల కూడా వేగమే. చిక్కంతా ఎక్కడంటే ఆ కిట్లను ఆకుకూరల కోసం చేశారు. స్ట్రాబెర్రీకి ఉప్పు పడదు. పోషక ద్రావణం ఈసీ (నీళ్లలో లవణాల చిక్కదనం) 1 నుంచి 1.4 మధ్య, పీహెచ్ (పులుపు కొలత) 5.5 నుంచి 6 దగ్గర ఉండాలి. టమాటాకు కలిపే చిక్కదనంలో కలిపితే ఆకు అంచులు మాడతాయి. అంటే రెండు మీటర్లు కొనాలి, రెండు మూడు రోజులకోసారి కొలవాలి. మొక్క మొదలు దగ్గర ఆకులు పుట్టే గుబురును క్రౌన్ అంటారు. నీళ్లు దాన్ని తాకాయా, కుళ్లిపోతుంది.

వీటన్నిటికంటే పెద్ద సమస్య నీటి వేడి. వేరుకు 20 డిగ్రీల దగ్గర నీళ్లు హాయి. మార్చి మధ్యాహ్నం మన ఇంట్లో తొట్టె నీళ్లు 28, 30కి చేరతాయి. నీళ్లు వేడెక్కే కొద్దీ వాటిలో నిలిచే ఆక్సిజన్ తగ్గుతుంది, వేరుకుళ్లు మొదలవుతుంది. మట్టికుండీలో తప్పు చేస్తే సరిదిద్దుకోవడానికి వారం దొరుకుతుంది, నీళ్ల తొట్టెలో పంపు ఒక్క రోజు ఆగితే చాలు. నా కిట్‌లో ఇప్పుడు పుదీనా పెరుగుతోంది, హాయిగా ఉంది. కొలతలు, ప్రయోగాలు ఇష్టపడే ఇంజినీరింగ్ బుర్ర ఉంటే మీరు కిట్ కొనండి, సరదాగానే ఉంటుంది. తొలి ఏడాది మాత్రం వద్దు.

ఎక్కడ పెట్టినా తప్పనివి

ఇంట్లోకి తేనెటీగ రాదు. ఆ పని మీరే చేయాలి. ఒక్కో పువ్వులో మగ, ఆడ భాగాలు రెండూ ఉంటాయి కాబట్టి రెండో మొక్క అక్కర్లేదు. మెత్తటి బొమ్మల కుంచెతో పొద్దు బాగా ఎక్కాక పువ్వు మధ్యభాగమంతా గుండ్రంగా నాలుగుసార్లు రాయండి, రెండు మూడు రోజులు వరసగా. స్ట్రాబెర్రీ ఒంటి మీద కనిపించే గింజలే నిజానికి దాని అసలు కాయలు. మనం తినే ఎర్ర కండ పువ్వు పీఠం ఉబ్బినది. పుప్పొడి అందిన గింజ చుట్టూనే కండ ఉబ్బుతుంది, అందని చోట ముడుచుకుపోతుంది. పండు వంకరగా వచ్చిందంటే చాలాసార్లు కుంచె పని అరకొరగా జరిగిందని అర్థం. పువ్వు నుంచి పండుకు సుమారు నాలుగు వారాలు.

నీళ్ల విషయంలో మన ఇళ్లలో జరిగే పొరపాటు ఒకటుంది. ఆర్వో మెషీన్ వదిలేసే నీళ్లను బక్కెట్లో పట్టి మొక్కలకు పోస్తాం, పొదుపని. స్ట్రాబెర్రీకి మాత్రం పోయకండి. బోరు నీళ్లలోని ఉప్పంతా ఆ బక్కెట్లోనే చిక్కబడి ఉంటుంది. ఆకు ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపెక్కితే సున్నపు నీళ్ల వల్ల ఇనుము అందడం లేదనుకోవచ్చు. చెలేటెడ్ ఐరన్ (మొక్క పీల్చుకోగల రూపంలోని ఇనుము) కొద్దిగా ఇస్తే కొత్త ఆకు పచ్చగా వస్తుంది. మంజీరా నీళ్లో, కృష్ణా నీళ్లో కుళాయిలో వచ్చేవాళ్లు నిశ్చింతగా పోయవచ్చు.

కుండీల్లో నా ఓటు ఎనిమిది అంగుళాల మట్టికుండీకే. చెమరుస్తుంది, అందుకే వేరు చల్లగా ఉంటుంది. కాకపోతే రోజూ తడి చూసుకోవాలి. ప్లాస్టిక్ కుండీ రెండు రోజులు మరిచినా ఊరుకుంటుంది, ఊళ్లకు తిరిగేవాళ్లకు అదే నయం. చుట్టూ కన్నాలున్న స్ట్రాబెర్రీ టవర్ ఫొటోల్లో అందంగా ఉంటుంది, ఇంట్లో మాత్రం కింది వరసలకు వెలుతురు అందదు. మట్టి పాళ్లు: సగం కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), మిగిలిన సగం వర్మీకంపోస్ట్, పెర్లైట్ (తేలికైన తెల్ల గుళికలు). కోకోపీట్ ఇటుకను రెండుసార్లు నానబెట్టి పిండేయండి, పీచులో ఉప్పు ఉంటుంది. ఒట్టి ఎర్రమట్టి వద్దు, గట్టిపడి వేరుకు గాలి ఆడనివ్వదు.

న్యూజెర్సీలో లెక్క తిరగబడుతుంది

మా చెల్లెలు అక్కడ ఉంటుంది. "అక్కా, నువ్వేమో కిటికీ చాలంటావు, నా మొక్కలు తీగలా సాగి పడిపోతున్నాయి" అని ఒక డిసెంబరులో ఫోన్ చేసింది. పడిపోవా మరి! అక్కడ అప్పుడు పగలు తొమ్మిది గంటల చిల్లరే, సూర్యుడు ఇళ్ల కప్పులు దాటి పైకి లేవడు. వాళ్లకు హీటింగ్ పుణ్యమా అని గది చలికాలమంతా 20, 21 డిగ్రీల దగ్గరే ఉంటుంది. మనం డబ్బు పెట్టినా దొరకనిది అదే. అంటే మనకు వెలుతురు ఉంది, చలి లేదు. వాళ్లకు చల్లని గది ఉంది, వెలుతురు లేదు. అక్కడ గ్రో లైట్ తప్పనిసరి, అల్బియన్, సీస్కేప్ లాంటి రకాలే సరి. వసంతంలో మట్టి లేకుండా ఒట్టి వేళ్లతో కట్టలుగా అమ్ముతారు. జూన్‌లో ఒక్కసారి కాసే అక్కడి పెరటి రకాలను లోపలికి తెచ్చుకోకూడదు, వాటికి బయట కొన్ని వారాల గట్టి చలి తగిలితేనే తర్వాత సరిగా కాస్తాయి. చెల్లెలు ఇప్పుడు బేస్‌మెంట్‌లో రెండు లైట్ల కింద పెంచుతోంది. నీళ్ల కిట్ కూడా అక్కడ బాగానే నడుస్తోంది, తొట్టె వేడెక్కదు కదా. నేను తిట్టుకున్న వస్తువునే అది మెచ్చుకుంటుంటే వినడం కాస్త కష్టంగానే ఉంది.

కొనే రోజు

మన దగ్గర మొదటిసారి పెంచేవాళ్లు నర్సరీ మొక్కలు నాలుగు, మట్టికుండీలు నాలుగు, ఎండ పడే కిటికీ ఒకటి చూసుకోండి. ఎండే రాకపోతే 45 వాట్ల లైటు, 11 గంటలకు కట్టిన టైమర్ చేర్చండి. వేసవికి వాటిని కాపాడాలని యుద్ధం చేయకండి, బంతిపూల మొక్కలా సీజన్ మొక్క అనుకుంటే మనసుకు తేలిక.

నర్సరీలో పండున్న మొక్కకు కాక, క్రౌన్ బొటనవేలంత లావున్న మొక్కకు డబ్బు పెట్టండి. నడుమ లేత ఆకు విచ్చుకుంటూ ఉండాలి, ఆకుల అడుగున తెల్లటి బూడిద ఉండకూడదు. క్రౌన్‌ను వేలితో మెల్లగా కదిపితే గట్టిగా నిలవాలి. ఇంటికి తెచ్చి రెండు రోజులు నీడన ఉంచి, సాయంత్రం పూట నాటండి. క్రౌన్ సగం మట్టిలో, సగం పైన. లోతుకు పోతే కుళ్లుతుంది, పైకి తేలితే ఎండుతుంది. మొదటి రెండు వారాల్లో వచ్చే పూలను తుంచేయాలి, వేరు పట్టేదాకా కాయ మోసే బలం ఉండదు. ఆ తుంచే పని మాత్రం పిల్లలు బడికి వెళ్లాక పెట్టుకోండి.